టేపు పట్టు, ఇల్లు పట్టు

లండన్ ఉద్యోగం ఖాయమైతే స్వెట్టర్లు తర్వాత, ముందు కొలతల టేపు కొనుక్కోవాలి. అక్కడ గిరాకీ ఉన్న ప్రభుత్వ బడుల్లో అన్నో అక్కో ఇప్పటికే చదువుతున్న పిల్లలు పోగా, మిగతా సీట్లను చాలాచోట్ల తేల్చేది ఇంటికీ బడికీ మధ్య దూరమే. అదీ మీటర్లలో! కూకట్‌పల్లిలో పిల్లాణ్ణి తెల్లారగట్ల పసుప్పచ్చ బస్సెక్కించి ఊరవతలికి తోలిన పెద్దమనిషే లండన్‌ హారోలో రెండు వీధుల అవతల ఇల్లు చూపిస్తే ‘అమ్మో, అంత దూరమా’ అంటాడు. మంచి బడి పక్కన అద్దె భగ్గుమంటుంది. ఫీజు లేని చదువుకు ఫీజు అదే మరి.

బడులకు ఒక్కమాట గ్రేడు ఇవ్వడం అక్కడి బడుల తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ 2024 సెప్టెంబరులో మానేసింది. మనవాళ్లు మానతారా? పాత ‘అవుట్‌స్టాండింగ్’ ఫ్లెక్సీ ఫొటో వాట్సాప్‌లో ఇంకా ఊరేగుతూనే ఉంది.

ఇంటి చుట్టూ తెలుగువాళ్లూ ఉండాలి, కరివేపాకు దొరకాలి. మేనత్త కొడుకు మాత్రం ఎదురింట్లో ఉండకూడదు. ఇన్నీ కుదిరి సంతకం పెట్టబోతుంటే గుంటూరు నుంచి వీడియో కాల్లో అత్తగారు:

‘గుమ్మం దక్షిణానికుందేంటి బాబూ?’

‘బడి గేటు తూర్పుకే ఉందత్తయ్యా!’