నాణేలాయన కొట్టు

కొట్టు పెట్టేవాడు ఎవడైనా ముందు ఆ వీధిలో జనానికి ఏం కావాలో చూస్తాడు. నాణేలాయన తన ఇంట్లో ఏముందో చూసుకున్నాడు. బీరువా కింది అరలో స్టాంపుల ఆల్బమ్‌లు, మంచం కింద ట్రంకు పెట్టెల్లో పాత నోట్లు, దేవుడి గదిలో పటాల వెనక అగ్గిపెట్టెల లేబుళ్లు. ఇంత సరుకు పెట్టుకుని కొట్టు లేకపోవడమేమిటనిపించింది. బ్యాంకులో క్యాషియరుగా చేరి, ఆఫీసరుగా రిటైరై, గ్రాట్యుటీ ఖాతాలో పడ్డ నెలలోనే చిక్కడపల్లిలో మల్గీ మాట్లాడేశాడు.

ఆయనకు అమ్మానాన్న పెట్టిన పేరొకటి ఉంది. పాలాయన, పేపరాయన వరసలో నాణేలాయన అనడం అలవాటై, అసలు పేరు గ్యాస్ బుక్కులో మిగిలిపోయింది. నాణేలు పోగేసే జాతి మనిషిని పట్టుకోవడం తేలిక. చిల్లర చేతికిస్తే మనం జేబులో వేసుకుంటాం, ఆయన తిప్పి చూస్తాడు. సంవత్సరం కింద చుక్కుంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబయి, నక్షత్రముంటే మన హైదరాబాద్, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా టంకశాల. సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి నక్షత్రం వెతుక్కుంటుంటే వెనకవాళ్లు తిట్టే తిట్లు ఆయన చెవిన పడవు.

బ్యాంకులో ఉన్నప్పుడే ఈ జబ్బు ముదిరింది. 2006లో రిజర్వు బ్యాంకు, అచ్చులో పాడైన నోట్ల స్థానంలో నంబరు పక్కన నక్షత్రం గుర్తు, అంటే స్టార్ ఉన్న నోట్లు పెట్టడం మొదలెట్టింది. కట్టలో స్టార్ కనిపిస్తే చాలు, సొంత జేబులోంచి అంత డబ్బు పెట్టి ఆ నోటు తీసుకునేవాడు. జీతం ఇంటికొచ్చేటప్పటికి సగం స్టార్లు, సగం నంబరులో 786 ఉన్న నోట్లు. అందులో ఒక 786 పెట్టి వాళ్లావిడ మునక్కాడలు కొనేసింది. ఆ పూట సాంబారు ఆయన ముట్టలేదు.

2016లో పెద్దనోట్లు రద్దయినప్పుడు దేశమంతా క్యూలో నిలబడి పాత నోట్లు వదిలించుకుంటే, కౌంటరు ఇవతల కూర్చున్న ఈయన వాటిని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. రద్దయిన 500, 1000 నోట్లు మామూలు మనిషి పదికి మించి ఉంచుకోకూడదు. పరిశోధన కోసమో నాణేల అధ్యయనం కోసమో అయితే ఇరవై అయిదు దాకా ఉంచుకోవచ్చు. ఆ కాగితం ప్రింటు తీయించి ఇంటికి తెచ్చాడు.

"చూశావా? పార్లమెంటే మమ్మల్ని గుర్తించింది."

"చూశానండీ. పదిహేను నోట్ల మేర గుర్తించింది" అంది ఆవిడ.

సరే, కొట్టు దగ్గరికొద్దాం. సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర్లో ఒకే వరసలో నాలుగు మల్గీలు. ఒకటి జిరాక్సు, ఒకటి చాయ్, ఒకటి పోటీ పరీక్షల పుస్తకాలు, నాలుగోది ఈయనది. లైబ్రరీలో తెల్లారిందగ్గర్నుంచి గ్రూప్స్‌కి చదివే పిల్లలు కిటకిటలాడతారు. వాళ్లకి నోట్సు జిరాక్సు కావాలి, చాయ్ కావాలి, బిట్ బ్యాంకు కావాలి. 1911 నాటి అయిదో జార్జి రూపాయి మాత్రం అక్కర్లేదు. పక్క కొట్లో మెషీను ఆగకుండా కాగితాలు కక్కుతుంటే, ఈయన అద్దాల బల్ల మీద దుమ్ము తుడుచుకుంటూ కూర్చుంటాడు. జిరాక్సాయన దగ్గర పొద్దున తెచ్చిన కాగితాల కట్ట సాయంత్రానికి డబ్బయిపోతుంది. ఈయన దగ్గర పొద్దున ఉన్న స్టాంపు సాయంత్రానికి ఇంకొక రోజు పాతబడుతుంది. పాతబడితే ధర పెరుగుతుందన్నది ఆయన ధీమా. అద్దె మాత్రం ఏటేటా, ఎవరి ధీమాతోనూ పనిలేకుండా పెరుగుతుంది.

ఇది మంచి వ్యాపారమా కాదా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. వ్యాపారం సంగతి తర్వాత, వ్యాపారిని చూడండంటాను నేను. ఆ పందిరూపాయినే తీసుకోండి. 1911లో అచ్చయిన ఆ రూపాయి మీద రాజుగారి అంగీపై ఏనుగు బొమ్మ తొండం పొట్టిదై అచ్చం పందిలా కనపడింది. జనం గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడాది ప్రభుత్వం బొమ్మ మార్చి కొత్తది వేసింది. ఎవరైనా కుతూహలంగా దాని మీద వేలు పెట్టి అడిగితే నాణేలాయన ఈ కథ అభినయంతో సహా చెబుతాడు. భూతద్దం ఇచ్చి తొండం చూపిస్తాడు. చాయ్ తెప్పిస్తాడు. కథ అయ్యేసరికి వచ్చినవాడు జేబులోంచి పర్సు తీస్తాడు. అప్పుడు మొదలవుతుంది ఆయన బాధ.

"ఇది కాస్త అరిగిందండీ. మీకెందుకు? మంచిది వస్తే కబురు చేస్తా."

అరగనిది ఇంకొకటి పక్కనే ఉంటుంది. "అది ఒకటే ఉంది" అంటాడు. రెండుంటే "జత విడదీయడం ఎందుకు" అంటాడు. మూడుంటే ఏమనేవాడో తెలీదు, పాతవాటిలో ఏదీ మూడు కొనే స్తోమత ఆయనకింకా రాలేదు. అన్నట్టు ఎన్టీఆర్ శతజయంతికి 2023లో కేంద్రం విడుదల చేసిన వందరూపాయల వెండి నాణెం మూడు తెచ్చాడు. హైదరాబాద్ టంకశాల దగ్గర అభిమానులతోపాటు వరసలో నిలబడ్డాడు. ఒకటి తనకి, ఒకటి కొట్టుకి, ఇంకొకటి మొదటిదానికేమైనా అయితే ఉంటుందని. మూడూ ఇంట్లోనే ఉన్నాయి.

ఈ రహస్యం ముందుగా కనిపెట్టింది ఆవిడే. "ఉద్యోగంలో ఉండగా కొంటే దుబారా అనేదాన్ని. ఇప్పుడు కొంటే స్టాకట" అని ఒకసారి మా ఇంట్లో అంది. కొట్టు తీసిన తరవాత ఆయన అమ్మినదానికన్నా కొన్నది ఎక్కువ. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల బజారుకెళ్లి పాత చందమామలు ఏరుకొస్తాడు. వాటిని అమ్మాలంటే ముందు చదవాలి కదా!

అమ్మడానికొచ్చేవాళ్లతో ఇంకొక తంటా. ఈ వ్యాపారంలో లాభం కొనేటప్పుడే చేతికి రావాలి, తక్కువకి కొనాలంటే నోరు మూసుకోవాలి. ఆయనకి అది చేతకాదు. ఒక పెద్దావిడ పసుపు గుడ్డలో విక్టోరియా రాణి వెండి రూపాయలు కట్టుకొచ్చింది. పొదుపుగల కోడలు వాటిని చింతపండేసి తళతళలాడేలా తోమేసింది. పాతనాణేనికి ఆ నల్లటి పొరే ప్రాణమని, తోమితే సగం విలువ పోతుందని ఆయన తల పట్టుకున్నాడు. అయినా ఒక్కోటి 11.66 గ్రాముల బరువు, అందులో నూటికి 91 పాళ్లకు పైగా వెండి ఉంటుందని చెప్పి, ఇవాళ్టి వెండి ధర కాగితం మీద లెక్కగట్టి, "ఇంతకంటే తక్కువకి ఎవరికీ ఇవ్వొద్దమ్మా, అసలు అమ్మొద్దు" అని పంపించేశాడు. పెద్దావిడ ఆ కాగితం పట్టుకుని కుదువ కొట్టుకెళ్లి దర్జాగా బేరమాడిందట.

దీనికి పూర్తిగా ఎదురు రకం, ఫోన్లో వీడియో చూసి పరిగెత్తుకొచ్చేవాడు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ల తెస్తాడు. 2012లో లెక్కలేనన్ని వేశారు. పది లక్షలివ్వమంటాడు. నాణేలాయన అయిదు రూపాయలంటాడు. మరీ బాధపడుతుంటే పది ఇస్తానంటాడు. పాతనోట్లు, నాణేలు కొంటామని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి మోసం చేసేవాళ్లున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది. ఆ ప్రకటన పెద్దక్షరాల్లో గోడకి అంటించి ఉంచాడు. వచ్చినవాడు ఓపిగ్గా చదివి, "అది దొంగ బిళ్లల గురించి సార్, మాది అసలుది" అంటాడు.

ఒకసారి పల్లెటూరినుంచి ఒకతను దున్నుతుంటే దొరికాయని మట్టి అంటిన రాగి కాసులు నాలుగు తెచ్చాడు. నాణేలాయన కాళ్లు వణికాయి. భూమిలో దొరికిన పాతర విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పి తీరాలని 1878 నాటి చట్టం ఉంది. దేశంలో దాదాపు నూట యాభై ఏళ్లుగా పెరగని అంకె అదొక్కటే అనుకుంటాను. ఆ చట్టమంతా వివరించేసరికి వచ్చినతను కాసులు జేబులో వేసుకుని, కలెక్టరాఫీసుకే వెళ్తున్నట్టు గబగబా వెళ్లిపోయాడు.

రోజూ పదకొండింటికి వచ్చే మిత్రుడొకాయన ఉన్నాడు. ఆయనా సేకరించేవాడే. సొంత భూతద్దం తెచ్చుకుంటాడు. 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి అరుదైనది కాబట్టి 1938 రూపాయి మీద అంకె చెక్కి మోసం చేస్తారని ఇద్దరూ గంటసేపు ముచ్చటించుకుంటారు. తర్వాత 1922లో ఫ్రాన్సు తీరంలో మునిగిపోయిన 'ఈజిప్టు' ఓడ కథ. ఇంగ్లండులో అచ్చయిన నిజాం నోట్లు బంగారం, వెండితోపాటు ఆ ఓడలో మునిగాయి. పదేళ్ల తర్వాత ఇటాలియన్లు సముద్రం అడుగునుంచి పైకి తీశారు. నీళ్లలో నానిన ఆ నోట్లకి ఇవాళ్టికీ గిరాకీ. కథ ఎన్నిసార్లు విన్నా ఇద్దరికీ ఒళ్లు పులకరిస్తుంది. పన్నెండున్నరకి మిత్రుడు లేస్తాడు. మూడేళ్లలో ఆయన కొన్నది స్టాంపులు ఆల్బమ్‌లో అంటించుకునే హింజ్‌ల పొట్లం, రెండు రూపాయలది. నాణేలాయన లెక్కలో ఆయన 'రెగ్యులర్ కస్టమర్'.

కొట్టుకు నిజంగా డబ్బొచ్చిన సందర్భం ఒకటుంది. సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంటు కుర్రాడొచ్చి, అలంకారానికి పెట్టిన నల్లటి డయలు టెలిఫోను వారం అద్దెకి తీసుకెళ్లాడు. అమ్మక్కర్లేదు, మళ్లీ తిరిగొస్తుంది, పైగా డబ్బు! నాణేలాయనకి ఇంతకంటే ఆదర్శమైన వ్యాపారం కనపడలేదు. రెండోసారి ఆ కుర్రాడు రాలేదు.

ఇంతలో మేనల్లుడు దిగాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం, రాత్రి షిఫ్టు. "మావయ్యా, నాకో రెండు అరలివ్వవా" అని అడిగి హాట్‌వీల్స్ బొమ్మ కార్లు తెచ్చిపెట్టాడు. నాణేలాయన నవ్వాడు. తీరా చూస్తే గడ్డాలొచ్చిన వాళ్లు ఆఫీసు బ్యాగులతో వచ్చి, అట్ట మడత పడకుండా పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోతున్నారు. వాళ్లలో 'ట్రెజర్ హంట్' అని ఒక రకం ఉందట. దాని కోసం సూపర్‌మార్కెట్ తెరవకముందే షట్టరు దగ్గర కాపలా కాస్తారట. మేనల్లుడు ఫోన్లో ఫొటో పెడితే కారు అరలోకి చేరకముందే అమ్ముడైపోతుంది.

"నీకు ఒక్కటైనా దాచుకోవాలనిపించదురా?"

"ఐసమ్మేవాడు ఐసు దాచుకుంటాడా మావయ్యా?"

నాణేలాయనకి పౌరుషం వచ్చింది. అమెరికాలో బీనీ బేబీస్ అని గుడ్డబొమ్మలకి ఇలాగే పిచ్చెక్కిపోయిందని, పిల్లల చదువులకి పనికొస్తాయని పెట్టెలకి పెట్టెలు కొన్నారని, 1999లో లాస్ వేగాస్ కోర్టులో విడాకుల జంట నేల మీద బొమ్మలు గుట్టపోసుకుని ఒకటి నాకు ఒకటి నీకు అని పంచుకున్నారని, తర్వాత వాటిని అడిగిన దిక్కు లేదని ఉపన్యాసమిచ్చాడు. చెప్పినదంతా నిజమే. పిచ్చి మీద నడిచే వ్యాపారం పిచ్చి తగ్గితే కూలుతుంది. మేనల్లుడు బుద్ధిగా విని, "అందుకే మావయ్యా సాయంత్రానికల్లా అమ్మేది" అన్నాడు. అన్నం డబ్బా తెచ్చిన ఆవిడ మాత్రం కొట్టు నాలుగు వైపులా చూసి, "మన పంపకాలకి కోర్టు నేల చాలదండీ" అంది.

మొన్న ఒక కుర్రాడొచ్చాడు. ఉద్యోగం మానేసి ఇలాంటి కొట్టే పెట్టాలనుకుంటున్నాడట, సలహా కావాలట. నేనూ అక్కడే ఉన్నాను. నాణేలాయన ఇంత నిజాయితీగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. అద్దె ఎంతో చెప్పాడు, కరెంటు బిల్లు చూపించాడు. క్యాటలాగులో రాసిన ధర అమ్మేవాడి కల అని, కొనేవాడు అందులో మూడో వంతు చెబుతాడని అన్నాడు. ఇప్పటి స్టాంపులు లక్షల్లో అచ్చవుతాయి కాబట్టి మనవల కాలానికైనా ధర వస్తుందని చెప్పలేమన్నాడు. నిజంగా సంపాదించేవాళ్లు కొట్టు పెట్టుకోరని, ఊరూరా ఫంక్షన్ హాళ్లలో జరిగే మూడు రోజుల ఎగ్జిబిషన్లలో బల్ల వేసుకుని, మిగతా రోజుల్లో ఫోన్ల మీద అమ్ముతారని చెప్పాడు. "వద్దు నాయనా, ఉద్యోగం చేసుకో" అని చేతులు పట్టుకున్నాడు.

కుర్రాడు నీరుగారిపోయి లేవబోతుంటే ఒళ్లోంచి సంచి జారింది. లోపల అట్ట ఊడిన ఆల్బమ్.

"ఏమిటది?"

"మా తాతగారిదండీ. కొట్టు పెడితే పనికొస్తుందని..."

ఆయన అప్పటికే మొదటి పేజీ తిప్పాడు. 1931లో నిజాం వేయించిన స్టాంపులు. చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్, బీదర్ మదరసా. వరసగా, పళ్లు ఊడకుండా. నాణేలాయన ఊపిరి బిగబట్టాడు. ధర అడగలేదు, తానే చెప్పాడు. కుర్రాడు మనసులో అనుకున్నదానికంటే ఎక్కువే చెప్పి ఉండాలి, వాడు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. గల్లాపెట్టెలో చాలలేదు. జిరాక్సాయన దగ్గర అయిదు వేలు చేబదులు తెచ్చి, ఓనరుకి ఇవ్వడానికి కవర్లో పెట్టిన అద్దె డబ్బు తీసి, వాటిలో రెండు స్టార్ నోట్లు ఏరి పక్కనపెట్టి మిగతాది లెక్కబెట్టి ఇచ్చాడు.

కుర్రాడు డబ్బు జేబులో పెట్టుకుని, "అయితే కొట్టు సంగతి వద్దంటారా సార్?" అన్నాడు.

"ఎవరు వద్దన్నారు?" అన్నాడు నాణేలాయన, ఆల్బమ్ మీంచి తలెత్తకుండా. "మీ తాతగారివి ఇంకా ఉన్నాయా? ఉంటే రేపే పెట్టు. ఎదురుగా మల్గీ ఖాళీ అవుతోందట, ఓనరుతో నేను మాట్లాడతాను. నేను రోజూ వస్తాను."