రీస్టార్ట్ తీర్థం

భద్రాచలం రోడ్ స్టేషన్‌లో రైలు దిగిన కొత్త మనిషికి రామయ్య గుడి కనబడదు. దిగింది కొత్తగూడెంలో. గుడికి ఇంకో 40 కిలోమీటర్లు, పాల్వంచ మీదుగా పోయి గోదావరి దాటాలి. కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్ కోసం కొత్తగూడెమంతా తిరిగినా దొరకదు, అది ఉన్నది పాల్వంచలో. పేరొకచోట, మనిషొకచోట అని ఈ దారిలో ఏ ఆటో డ్రైవర్ని అడిగినా చెబుతాడు. ‘గుడి కనబడట్లేదా? మళ్లీ రైలెక్కి దిగండి’ అని మాత్రం అనడు. అలాంటి సలహా ఇచ్చే హక్కు ఆఫీసుల్లో కంప్యూటర్ తెలిసినవారికే ఉంది.

కంప్యూటర్లు ఒకదాన్నొకటి వెతుక్కునేది 192.168.1.10 లాంటి అంకెలతో. మనకు అంకెలు గుర్తుండవు గనుక పేర్లు పెట్టుకున్నాం. పేరు చెబితే అంకె చెప్పే పని డీఎన్‌ఎస్‌ది. 1983లో పాల్ మొకపెట్రిస్ దీన్ని రూపొందించేదాకా ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ అంతా ఒక్క పేర్ల జాబితాను కాపీ చేసుకుని బతికింది. ఈ లంకె తెగినప్పుడు సర్వర్ నిక్షేపంగా నడుస్తుంటుంది, కేబుల్ బాగుంటుంది, ఫైలు మాత్రం తెరుచుకోదు. వెంటనే కౌంటర్ మీద ‘సర్వర్ డౌన్’ కాగితం వెలుస్తుంది. ఆపైన వరసగా రీస్టార్ట్, కేబుల్ పీకి పెట్టడం, యాంటీవైరస్, చివరికి ఫార్మాట్. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు. ఇక్కడ ఊరు భేషుగ్గా ఉంది, పేరే దారి తప్పింది. అది తేలడానికి నిమిషం చాలు: ఒకసారి పేరుతో పింగ్ కొట్టాలి, ఒకసారి అంకెతో. అంకె పలికి పేరు పలకకపోతే సర్వర్‌ను తిట్టి లాభం లేదు.

రీస్టార్ట్‌తో బాగవుతోంది కదా అంటారు. అవుతుంది, కొన్నిసార్లు. కంప్యూటర్ పాత జవాబులను కొంతసేపు దాచుకుంటుంది. సర్వర్ అంకె మారినా పాతదాన్నే పట్టుకు వేలాడుతుంది. రీస్టార్ట్ ఆ జ్ఞాపకాన్ని తుడిచేస్తుంది. ఆ పనే ఐపీకాన్ఫిగ్ ఫ్లష్‌డీఎన్‌ఎస్ అనే కమాండ్ క్షణంలో చేస్తుంది, తెరిచిన ఫైళ్లు తెరిచినట్టే ఉంటాయి. పైగా ఏ పుణ్యాత్ముడో, కంప్యూటర్లో పేర్లకు అంకెలు చేత్తో రాసుకునే హోస్ట్స్ ఫైల్లో పాత అంకె రాసి బదిలీ మీద వెళ్లిపోతే, పదిసార్లు రీస్టార్ట్ చేసినా అది చెక్కుచెదరదు. ఫార్మాట్ చేస్తే మాత్రం పోతుంది. ఫార్మాట్‌కు అంత పరపతి అందుకే.

ఇంకో మహామంత్రం 8.8.8.8. గూగుల్ 2009లో పెట్టిన ఈ ఉచిత డీఎన్‌ఎస్ మంచిదే. కానీ మన ఆఫీసు లోపలి సర్వర్ పేరు గూగుల్‌కెలా తెలుస్తుంది? యూట్యూబ్ వస్తుంది, జీతాల ఫైలు రాదు. ‘రెండో వరసలోనే పెట్టాం కదా’ అనే సంజాయిషీ ఇంకా విడ్డూరం. మొదటి డీఎన్‌ఎస్ ‘ఆ పేరు లేదు’ అంటే విండోస్ రెండోదాన్ని అడగనే అడగదు. మొదటిది పలకకపోతేనే రెండోదాని గడప తొక్కుతుంది; అది తనకు తెలియని లోపలి పేరును ‘లేదు’ అని తేల్చి చెబుతుంది. కాసేపు వచ్చి కాసేపు పోయే జబ్బు ఇలా అంటుకుంటుంది. దానికీ మందు రీస్టార్టే.

మహామహులకే తప్పలేదు, మనమెంత అనే వాదన ఒకటుంది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు మాయమైన మాట నిజమే. వాళ్ల డీఎన్‌ఎస్ సర్వర్లకు వెళ్లే దారులే మూసుకుపోయాయి. అయితే ఏది ఎందుకు తెగిందో వాళ్లు మర్నాడు లోకానికి రాసి చెప్పారు. మన కౌంటర్ మీద మర్నాటికి మిగిలేది ఆ ‘సర్వర్ డౌన్’ కాగితమే. మాటిమాటికీ రాయడం దండగని దానికి లామినేషన్ కూడా చేయించి ఉంటారు.