జాడీకి చుట్టిన చీర

మా ఇంటి ఓనరు మొదటిరోజు నన్ను అడిగింది ఒక్కటే. పేరు కాదు, ఊరు కాదు, జీతం కూడా కాదు.

"ఫ్యామిలీ హై?"

ఉందన్నాను. ఏదీ అన్నట్టు నా భుజం మీదుగా వెనక్కి తొంగిచూశాడు. నా వెనక ఒక ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు, ఆ వెనక నయా రాయపూర్ వెడల్పాటి రోడ్డు, రోడ్డు మధ్యలో ఒక ఆవు ఉన్నాయి. ఫ్యామిలీ విశాఖపట్నంలో ఉంది, పిల్లాడి టెన్త్ పరీక్షలవగానే వచ్చేస్తుందని చెప్పాను. "అగలే మహీనే?" అన్నాడు, వచ్చే నెలేనా అని. "అగలే మహీనే" అన్నాను. తాళంచెవి చేతిలో పెట్టాడు. అది నవంబరు. టెన్త్ పరీక్షలు ఏ నెలలో అవుతాయో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

2018లో ఈ ఊరి పేరు మార్చారు. ఇప్పుడు కాగితాల మీద నవా రాయపూర్ అటల్ నగర్. మా నోటికి మాత్రం నయా రాయపూరే. రాత్రి ఏడు దాటితే ఇక్కడ మనుషుల కన్నా వీధిదీపాలు ఎక్కువ. మా వరసలో పది ఇళ్ళుంటే ఆరింటికి తాళాలే. అయినా సరే, ఒంటి మగాడు ఇల్లు అడిగితే ఓనర్ల ముఖాలు చూడాలి. నాకు ఇల్లివ్వడం కన్నా పావురాలకివ్వడం నయమనుకుంటారు.

'చిత్రం భళారే విచిత్రం' చూసినవాళ్ళకి ఈ బాధ కొత్తది కాదు. 1991లో పి.ఎన్. రామచంద్రరావు తీసిన ఆ సినిమాలో బ్రహ్మచారులకి ఇల్లు దొరకదు, నరేశ్ చీర కట్టగానే దొరుకుతుంది. దానికి తల్లి 1988 నాటి మరాఠీ సినిమా 'అశీ హీ బన్వాబన్వీ'. అమ్మమ్మ 1966లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన 'బీవీ ఔర్ మకాన్'. ఈ అమ్మమ్మ పేరులోనే ఉంది కిటుకంతా: పెళ్ళాముంటేనే ఇల్లు. అమెరికాలో బిల్లీ వైల్డర్ 1959లో తీసిన 'సమ్ లైక్ ఇట్ హాట్'లో ఇద్దరు వాయిద్యగాళ్ళు హత్యలు చూసిన పాపానికి, గూండాల నుంచి తప్పించుకోవడానికి గౌన్లు తొడుక్కుంటారు. మనవాళ్ళకి అంత అవసరం లేదు. అద్దె ఇల్లు చాలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న ఉగాదికి రాయపూర్, భిలాయి తెలుగువాళ్ళం కొందరం కలిసి ఇదే ముడి మీద అరగంట నాటిక వేద్దామనుకున్నాం. ఓనరు వేషానికి ఏడుగురు ముందుకొచ్చారు. ఇల్లాలి వేషం అనేసరికి అందరికీ ఫోన్లు మోగాయి. చివరికి మీసం లేనివాడెవడని వెతికితే నేను దొరికాను.

మీసం అడ్డమని ఎవరన్నారండీ? బెజవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణగారు తన శిష్యుడు ఎన్టీఆర్ చేత 'రాచమల్లుని దౌత్యం'లో నాగమ్మ వేషం వేయిస్తే, ఆయన మీసం తీయనని భీష్మించి అలాగే స్టేజి ఎక్కాడు. 'మీసాల నాగమ్మ' అని పేరొచ్చింది. అదే మనిషి తర్వాత 'నర్తనశాల'లో బృహన్నలగా నడిచొస్తే జనం దణ్ణం పెట్టారు. అవతల అక్కినేని సినిమాల్లోకి రాకముందు నాటకాల్లో ఆడవేషాలకే పేరుపడ్డాడు. మన ఇద్దరు పెద్ద హీరోలూ ముందు చీర కట్టినవాళ్ళేనని మావాళ్ళకి గుర్తుచేశాను. "అయితే ఇంకేం, కట్టు" అన్నారు.

చీర ఎక్కణ్ణుంచి తేవాలి? మా ఆవిడ ఆవకాయ జాడీలు పంపినప్పుడు అవి పగలకుండా ఓ పాత నేతచీర చుట్టింది. అది తీశాను. రెండుసార్లు ఉతికినా ఆవపిండి వాసన పోలేదు. లంగా లేదు కాబట్టి లుంగీ మీద బెల్టు బిగించాను. ఫోను కిటికీలో నిలబెట్టి వీడియో కాల్ చేశాను.

"కుచ్చిళ్ళు ఎడమకి కాదండీ... అయ్యో, మీ ఎడమ కాదు!"

బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య బట్టని మడతలు పెడుతూ పోవాలి. ఐదో మడత వేసేసరికి మొదటిది జారిపోతుంది. దాన్ని పట్టుకుంటే మూడోది. ఆరు గజాల బట్టని అదుపులో పెట్టడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. ఇదే పని ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు ముగిస్తుంది. పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు "ఇంకా ఎంతసేపు?" అని గుమ్మంలో నిలబడి అరిచిన పదహారేళ్ళూ గుర్తొచ్చాయి.

"తాళంచెవి ఎక్కడ పెట్టుకోను? దీనికి జేబు లేదే."

"కొంగుకి ముడేసుకోండి."

రిహార్సల్లో ఒళ్ళు వంకర్లు తిప్పుతూ, నిమిషానికోసారి పమిట సర్దుకుంటూ ఇరగదీస్తున్నాననుకున్నాను. చూడటానికొచ్చిన మా ఆఫీసు కుర్రాడొకడు మాత్రం నవ్వలేదు. వాళ్ళది రాజ్‌నాంద్‌గావ్ వైపు పల్లె. తాతగారు 'నాచా'లో పరీ అట. నాచా అంటే ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రాత్రంతా ఆడే ఆట. మగవాళ్ళే పరీలు, పక్కన హాస్యానికి జోక్కడ్. రాయపూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ ఈ నాచా కళాకారుల్నే వెంటబెట్టుకుని 1975లో 'చరణ్‌దాస్ చోర్' ఆడించి, 1982లో ఎడిన్‌బరో దాకా వెళ్ళి బహుమతి కొట్టుకొచ్చాడు.

"భైయా, ఆ కొంగు వదిలెయ్యండి. పనున్న ఆడమనిషి కొంగు సర్దుకోదు. నడుమున దోపి పని చూసుకుంటుంది. మీరు ఆడమనిషిని చెయ్యట్లేదు, వెక్కిరిస్తున్నారు" అన్నాడు.

నాకు కొంచెం తగిలింది. ఆడవేషాలకి పేరుమోసిన స్థానం నరసింహారావుగారిది మా బాపట్లే. చంద్రమతి వేషం వేయాల్సిన నటుడు రాకపోతే ఆ వేళకి నిలబెట్టారట. అంటే ఆయన్నీ నాలాగే పట్టుకున్నారన్నమాట. పోలిక అక్కడితో సరి. ఆయన సత్యభామ, కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామ... వాళ్ళని చూసి ఎవరూ నవ్వలేదు. ఆ కొప్పు, ఆ నడక మనకెందుకు రావని ఆడవాళ్ళే అనుకునేవారని మా నాయనమ్మ చెప్పేది. నన్ను చూసి మాత్రం మా నాటిక బృందం కోశాధికారి పొలమారేదాకా నవ్వాడు. దానికి సగం కారణం మేకప్పు. రంగుల్లో తీస్తే హీరోల ముఖాలు ఆకుపచ్చగా కనిపిస్తున్నాయని 'సమ్ లైక్ ఇట్ హాట్'ని నలుపు తెలుపుల్లో తీశారు. మా హాలు ట్యూబ్‌లైటు కింద ఆ సౌకర్యం లేదు.

రాత్రి పదింటికి రిహార్సల్ అయ్యింది. నా ప్యాంటూ చొక్కా ఉన్న సంచి ఎవరి స్కూటర్‌కో తగిలించి ఉంది, ఆ స్కూటర్ భిలాయి వెళ్ళిపోయింది. ఇంకేం చేస్తాను, చీరతోనే నడిచాను. ఎదురొచ్చిన ఒకే ఒక్క ప్రాణి కుక్క. మొరగలేదు, పక్కకి తప్పుకుంది. కుచ్చిళ్ళు చెప్పుల కింద పడుతుంటే పైకి ఎత్తి దోపాను. ఇల్లు చేరేసరికి ఒళ్ళంతా చెమట, ఆవపిండి వాసన. గేటు లైటు కింద నిలబడి కొంగు ముందుకి లాక్కుని, పంటితో ముడి విప్పి, తాళంచెవి తీశాను. ఆ క్షణంలో నటించాలన్న ధ్యాసే లేదు. లోపలికెళ్ళి పడుకోవాలి, అంతే.

పొద్దున్నే ఓనరు పై బాల్కనీలోంచి పిలిచాడు. ముఖం మతాబులా వెలుగుతోంది.

"భాభీజీ ఆ గయీఁ! రాత్ కో దేఖా. బధాయీ హో." మా ఆవిడ వచ్చేసిందట, రాత్రి చూశాడట.

నోరు తెరిచాను. నిజం చెబితే, ఇన్ని నెలల నుంచీ ఒంటి మగాణ్ణే ఉంచుకున్నానని తెలిసి ఇల్లు ఖాళీ చేయమంటాడు. చెప్పకపోతే భాభీజీని చూపించమంటాడు. తెరిచిన నోరు మూసేశాను. ఆయన వంగి ఇంకో మాటన్నాడు. ఈ నెల నుంచి నీళ్ళ చార్జీ ఇద్దరికి.

కట్టేశాను.