గెలాక్సీ ఏలబోయేవారికి కొన్ని సలహాలు

అంతరిక్షంలో సామ్రాజ్యం కట్టే ఆట మీకు పడుతుందో లేదో తేలాలంటే ట్రైలర్ చూడండి. ట్రైలర్ మాత్రమే చూడండి. స్వీడన్ కంపెనీ పారడాక్స్ 2016 మేలో విడుదల చేసిన స్టెల్లారిస్‌నే తీసుకుందాం. ట్రైలర్లలో ఓడలు పేలతాయి, గ్రహాలు బద్దలవుతాయి, సంగీతం ఉరుముతుంది. ఇంకేం కావాలి? ఎవరైనా ఆడుతూ తీసిన వీడియో మాత్రం పొరపాటున కూడా తెరవకండి. అందులో ఒకాయన అరగంటసేపు కూర్చుని, ఖనిజాలు నెలకెంత వస్తున్నాయి, మిశ్రలోహాలకెంత పోతోంది, జనం వాడుకునే సరుకులు ఎందుకు తరిగాయి అని లెక్కలు చూసుకుంటూ ఉంటాడు. అది చూస్తుంటే మీకు హుషారు పుడుతుందా, ఆవలింత వస్తుందా అన్నది పైసా ఖర్చు లేకుండా ముందే తెలిసిపోతే ఇక కొనడంలో మజా ఏముంటుంది?

అసలు ఆట ఒక్కటే కొనడం పిసినారితనం. యుటోపియా, అపోకలిప్స్, మెగాకార్ప్, ఫెడరేషన్స్, నెమెసిస్, ఓవర్‌లార్డ్... అదనపు భాగాలన్నీ ఒక్కసారే కొనేయండి. డిస్కౌంట్ల కోసం ఆగేవాడు చక్రవర్తి ఎలా అవుతాడు?

ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఒక ప్రమాదకరమైన సదుపాయం ఉంది. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఈ ప్రలోభం నుంచి తప్పించుకునే దారి కూడా ఆటలోనే ఉంది: ఆ రెండు గంటలూ మీ జాతిని తయారుచేయడంలోనే గడిపేయండి. వాళ్లు పుట్టగొడుగుల్లా ఉండాలా, పక్షుల్లానా? పరజాతులంటే ప్రేమా, ద్వేషమా? యుద్ధమా, శాంతా? భక్తా, భౌతికవాదమా? ఇవన్నీ తేలాక జెండా మిగులుతుంది. రంగుల విషయంలో ఇంట్లో అందరి అభిప్రాయమూ తీసుకోండి. మొదటి ఓడ కదిలేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. ఇక మనసు చలించదు.

ఆట 2200లో మొదలై రోజులు గడియారంలా నడుస్తూనే ఉంటాయి. స్పేస్‌బార్ నొక్కితే కాలం ఆగుతుంది, ఆగినప్పుడు కూడా ఆజ్ఞలు ఇవ్వొచ్చు. అది పిరికివాళ్ల పని. వేగం చివరికంటా పెంచండి. పరిశోధక నౌక ఏదో వింత కనిపెట్టిందంటూ రెండు పేరాల కథ తెర మీదికొస్తే చదవకుండా నొక్కేయండి. ఈ ఆటలో బాగున్న రాతంతా అక్కడే ఉంటుందనీ, చదవడం ఇష్టమున్నవాళ్లే దీన్ని ఏళ్ల తరబడి ఆడతారనీ నాకు తెలుసు. అయినా మనం వచ్చింది పేలుళ్ల కోసం కదా.

ఆ పేలుళ్లు కూడా త్వరగా రావాలంటే, మ్యాప్‌లో మూలన కునుకు తీస్తున్న ఒక పురాతన సామ్రాజ్యాన్ని వెతకండి. వాళ్లకున్నది గుప్పెడు గ్రహాలే, చూడ్డానికి అలుసుగానే ఉంటారు. వాళ్లు పవిత్రమని చెప్పుకునే ఖాళీ గ్రహం ఒకటి దొరికితే వెంటనే అక్కడ మీ జనాన్ని దింపండి. మీ దగ్గర చిన్న ఓడలు మూడున్నాయి, వాళ్ల దగ్గర ఎన్నున్నాయో లెక్కపెట్టనక్కర్లేదు.

గెలాక్సీ పరిమాణం అడిగినప్పుడు వెయ్యి నక్షత్రాలకు తగ్గకండి, ల్యాప్‌టాప్ ఎంత పాతదైనా సరే. శతాబ్దాలు గడిచి జనాభా పెరిగేకొద్దీ లెక్కలు పెరిగి ఆట నత్తనడక నడుస్తుంది. ఆ నడకనే వ్యూహంలోని లోతు అనుకోండి.

మూడో గంటలో ఓడిపోయాక సమీక్ష రాయడం మరవకండి: "యుద్ధాలు లేవు, అన్నీ జమాఖర్చులే." ఎన్ని గంటలు ఆడి రాశారో స్టీమ్ పైనే చూపిస్తుంది గానీ, దాన్ని పట్టించుకునేదెవరు?