వంద మీటర్లకో ఇడ్లీ

విశాఖపట్నంలో చదునైన చోటు ఒక్కటే ఉంది, సముద్రం. అక్కడా అలలుంటాయి. మిగతా ఊళ్లో ఎటు వెళ్లినా ఎక్కడమో దిగడమో తప్పదు. ఒకవైపు కైలాసగిరి, ఇంకోవైపు సింహాచలం, మధ్యలో వాల్తేరు అప్‌ల్యాండ్స్. ఇలాంటి ఊళ్లో బ్యాటరీ సైకిల్ అమ్మేవాళ్లు, ఒకసారి చార్జింగ్ పెడితే ఎన్ని కిలోమీటర్లు పోతుందో చెబుతారు గానీ ఎన్ని మీటర్లు ఎక్కుతుందో చెప్పరు. కొనే ఉత్సాహంలో మనమూ అడగం.

నా సైకిల్‌కి బీచ్ రోడ్డు మీద పట్టపగ్గాలుండేవి కావు. పాండురంగాపురం ఎత్తు కనబడగానే మాత్రం వైరాగ్యం పుట్టేది. మోటారు ఒక మూలుగు మూలిగి, ఇక నీ ఇష్టం అన్నట్టు ఊరుకునేది. వెనకొచ్చే ఆటోవాళ్లు హారన్ కూడా కొట్టకుండా జాలిగా పక్కనుంచి వెళ్లిపోయేవారు. వైజాగ్ ఆటోవాడు హారన్ మానేశాడంటే మన పరిస్థితి ఎంత విషమించిందో ఊహించుకోవచ్చు.

మా బావమరిది ఇంజినీరు. ఏ ఇంజినీరని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. సైకిల్‌ని చుట్టూ తిరిగి చూసి, "బావా, దీనికి కరెంటు చాలట్లేదు. కంట్రోలర్ మార్చేద్దాం," అన్నాడు. బ్యాటరీకీ మోటారుకీ మధ్య కూర్చుని, ఎంత కరెంటు వదలాలో తేల్చే అరచేతంత పెట్టె అది. 15 ఆంపియర్లది పీకి 22 ఆంపియర్లది పెట్టించాడు. ఆశ్చర్యం, సైకిల్ ఎక్కింది! పైకి చేరాక చూస్తే మోటారు చెయ్యి పెట్టనివ్వలేదు. కరెంటు ఒకటిన్నర రెట్లయితే తీగచుట్టలో వేడి రెండు రెట్లు దాటుతుందట. ఆ సంగతి బావమరిది మోటారు కాలిన వాసన వచ్చాక చెప్పాడు.

మోటారు మార్చాం. ఈసారి మొరాయించడం బ్యాటరీ వంతు. దాని లోపల బీఎంఎస్ అని ఒక కాపలా సర్క్యూట్ ఉంటుంది. పరిమితికి మించి కరెంటు లాగితే నిర్దాక్షిణ్యంగా కట్ చేస్తుంది. అది కట్ చేసేది ఎప్పుడూ సగం ఎత్తులోనే, వెనక సిటీ బస్సు ఉన్నప్పుడే. సరే అని 36 వోల్టుల బ్యాటరీ తీసేసి 48 వోల్టులది వేయించాం. అది ఇంకో రెండు కిలోలు ఎక్కువ. అంటే కొండెక్కడం కోసం కొన్న వస్తువును ముందు కొండెక్కించాలి.

మెకానిక్ ఇరుసు కేసి చూసి పెదవి విరిచాడు. "ఏటి సార్, ఇంత బలం పెట్టీసారు, ఇరుసు గిర్రున తిరిగిపోయి వైర్లు తెగిపోతాయి కదా. టార్క్ ఆర్మ్ ఎయ్యాలి." వేశాం. "దిగినప్పుడేటి చేస్తారు? ఈ బ్రేకులకి ఆగదు." డిస్క్ బ్రేకులు వేశాం. ఒకటి గట్టిపరిస్తే దాని పక్కది బలహీనమని తేలడం ఈ విద్యలో మూలసూత్రం. చివరికి తేలేది జేబు.

మా ఆవిడ ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. ఒక సాయంత్రం నా ఖర్చుల పుస్తకం తెరిచి, అంకెలన్నీ చదివి, ఆ చివరి పేజీలోనే లెక్క మొదలుపెట్టింది.

"ఏమండీ, మీరూ సైకిలూ కలిపి 125 కిలోలు. దాన్ని వంద మీటర్ల ఎత్తుకు చేర్చడానికి పట్టే శక్తి సుమారు 34 వాట్ అవర్లు. కేలరీల్లో చెప్పాలంటే 29. ఒక్క ఇడ్లీ చాలు."

"ఒక్క ఇడ్లీయా?"

"చట్నీ లేకుండా. మీ ఒంటికి తిన్నదాంట్లో పావు వంతే కాళ్లకు చేరుతుంది కాబట్టి, మూడు తినండి. మీ పాత బ్యాటరీలో 360 వాట్ అవర్లున్నాయి. కొండకు దానితో లోటేమీ లేదు. లోటంతా మీ తొందరకే. వంద మీటర్లు పోతే ఎనిమిది మీటర్లు లేచే రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగం కావాలంటే 545 వాట్లు కావాలి. ఎనిమిది కిలోమీటర్ల వేగమైతే 218 చాలు. మిగిలిన వాట్లన్నీ కొండ అడగలేదు, మీరడిగారు."

నేను మాట్లాడలేదు. ఆవిడ ఆగలేదు.

"ఇంకోటి. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు ఉన్నంతవరకే చట్టం దీన్ని సైకిల్ అంటుంది. మీరూ మా తమ్ముడూ కలిసి దీన్ని మోటారు వాహనం చేశారు. ఇక రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా, నంబరు ప్లేటు. ఇవన్నీ ఉన్న స్కూటర్ ఒకటి కింద పార్కింగ్‌లో ఏడాదిగా దుమ్ము కొట్టుకుని ఉంది."

మర్నాడు మెకానిక్ దగ్గరకు వెళ్లి మొదట్లో ఉన్నట్టే చేసిపెట్టమన్నాను. ఆయన ఏమీ అనకుండా 250 వాట్ల మోటారు బిగించి, వెనక చక్రానికి 34 పళ్ల దాకా గేర్లున్న ఫ్రీవీల్ ఒకటి వేశాడు. అన్ని విడిభాగాల్లోకీ చవక అదే. "ఎత్తు ముందరే పెద్ద పళ్లకి మార్చీసి తొక్కండి సార్. మోటారు సగం, మీరు సగం. ఎక్కీస్తాది."

ఎక్కుతోంది. మోటారు 200 వాట్లు ఇస్తోంది, నా కాళ్లు వందో ఎంతో ఇస్తున్నాయి, గంటకు పదకొండు కిలోమీటర్లు. యూనివర్సిటీ వైపు జాగింగ్ చేసే కుర్రాళ్లు "గుడ్ మార్నింగ్ అంకుల్" అంటూ దాటిపోతారు. ఆటోవాళ్లు మళ్లీ హారన్ కొడుతున్నారు.

మిగిలిన కంట్రోలర్, 48 వోల్టుల బ్యాటరీ, టార్క్ ఆర్మ్ అట్టపెట్టెలో సర్ది ఉంచాను. మొన్న పై అంతస్తు ఆయన కొత్త బ్యాటరీ సైకిల్ కొని, రొప్పుతూ వచ్చి, "ఎత్తులో లాగట్లేదండీ, కరెంటు చాలట్లేదేమో?" అన్నారు. కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, బావమరిది నంబరు ఇచ్చాను. సామాన్లు సగం ధరకే.