ఊరు చూడని థీసిస్

మా రోజుల్లో ఎకనామిక్స్‌లో రీసెర్చ్ అంటే ముందు పల్లెలో మకాం. ప్రశ్నల షెడ్యూళ్ల కట్ట సంచిలో వేసుకుని బస్సు దిగితే కరణంగారి అరుగు మీద మొదలయ్యేది పని. అడంగల్ ముందేసుకుని ఏ సర్వే నెంబరులో ఏ పంటో రాసుకునేవాళ్లం. అంతటితో అయిపోయిందనుకునేరు! అడంగల్‌లో ఆసామి పేరుంటుంది, దున్నేవాడు ఇంకొకడు. కౌలంతా నోటిమాట. ఎన్ని బస్తాలకు ఒప్పుకున్నాడో, తుపానుకు పంట పోతే ఎవరు భరిస్తారో మొదటిరోజు అడిగితే చెప్పడు. నాలుగు సాయంత్రాలు వాళ్ల అరుగు మీద కూర్చుని, ఇంటావిడ ఇచ్చిన మజ్జిగ తాగాక చెబుతాడు.

ఇప్పటి పరిశోధక విద్యార్థులు మీరేమో హాస్టల్ గది కదలకుండా జాతీయ శాంపుల్ సర్వే ఫైళ్లు దించుకుని సాయంత్రానికల్లా పట్టికలు తీసేస్తారు. మేం చేత్తో తిప్పే ఫేసిట్ లెక్కల మిషను మీద వారాల తరబడి కుస్తీ పట్టిన లెక్క అది. వేగంలోనూ కచ్చితత్వంలోనూ మీదే పైచేయి, కాదనను. కానీ నాయనా, మీ పట్టిక గడిలో ఉన్న రైతు ఎవరు? సొంతదారా, కౌలుదారా?

ఊరికి వెళ్లి అడిగే ఈ పద్ధతి మాతో పుట్టింది కాదు. 1916 ప్రాంతంలో మద్రాసు విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థుల్నే పల్లెలకు పంపాడు. వాళ్ల సర్వేలతో 1918లో అచ్చయిన పుస్తకంలో మన గోదావరి వైపు ఊనగట్ల కూడా ఉంది. ఇరవై ఏళ్లకు థామస్, రామకృష్ణన్ అనే ఇద్దరు ఆచార్యులు ఆ ఊళ్లను మళ్లీ పరిశీలించారు. మళ్లీ వెళ్లడం! అది కదా పరిశోధన. ఎన్.జి. రంగాగారు డెల్టా పల్లెల మీద 1926లోనే పుస్తకం వేశారు. జాగీర్దారీ రద్దు ఫలితాల మీద ఆర్థికవేత్త ఖుస్రోగారి గ్రంథం 1958లో వచ్చింది. ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వాళ్లయితే 1975 నుంచి మహబూబ్‌నగర్ జిల్లా డోకూరు లాంటిచోట్ల ఇన్వెస్టిగేటర్లను ఊళ్లోనే ఉంచారు.

ఊరి సంగతి పట్టని లెక్కే ప్రభుత్వ విధానమైతే ఏమవుతుందో చూశాం. 2018లో తెలంగాణ రైతుబంధు పెట్టుబడి సాయం సీజనుకు ఎకరానికి 4,000 రూపాయలతో మొదలైంది. పాసుపుస్తకం ఉన్నవాడికి అందింది, కౌలుదారుకు అందలేదు. ఆంధ్రలో 2019 చట్టం కౌలుదారుకు కార్డు ఇస్తానంది, కానీ దానికి ఆసామి సంతకం కావాలి. భూమి చేజారుతుందన్న భయంతో ఆసామి వెనకాడతాడు. ఈ సంగతి ఏ అరుగు మీద అడిగినా చెప్పేవాళ్లే.

కాబట్టి అబ్బాయిలూ, అమ్మాయిలూ, థీసిస్ ఓ ఏడాది ఆలస్యమైనా సరే, ఒక ఊళ్లో ఒక పంటకాలం ఉండి రండి. నాట్లకు వెళ్లండి, ధాన్యం కాటా దగ్గర నిలబడండి. ఆ తరవాతే కంప్యూటరు తెరవండి.