శుభం కార్డు పడదేం?

రాత్రి ఒక వేళకి టీవీ వాళ్లే టీవీ కట్టేసేవాళ్లంటే మా మనవడు నమ్మడు. "కరెంటు పోయేదా తాతయ్యా?" అంటాడు. కరెంటు కాదురా, కార్యక్రమాలు అయిపోయేవి. అనౌన్సరమ్మ వచ్చి, రేపేం వస్తాయో చెప్పి, నమస్కారం పెట్టి వెళ్లిపోయేది. ఆ తర్వాత తెర నిండా చుక్కలు, ఒకటే బుస. ఇంట్లో ఎవరో ఒకరు లేచి మీట నొక్కి, పెట్టెకున్న చెక్క తలుపులు దగ్గరికి లాగి తాళం వేసేవారు. టీవీకి తలుపులేమిటని మళ్లీ ప్రశ్న. అవును, తలుపులే. తాళం కూడా. ఆ తాళంచెవి మా ఇంట్లో మా అమ్మ బొడ్లో ఉండేది.

నేను టీవీ చూసే మనిషిని కాను, ముందే చెప్పేస్తున్నా. అయినా రోజూ చూస్తాను. హాల్లో నా కుర్చీకి సరిగ్గా ఎదురుగా గోడకి దాన్ని బిగించారు. కుర్చీని అటు తిప్పుకుంటే కళ్లు తప్పించుకుంటాయి సరే, చెవులెక్కడికి పోతాయి? సాయంత్రం దీపం పెట్టింది మొదలు భోజనాలయ్యేదాకా మా ఆవిడా, కోడలూ వంతులేసుకుని ఆ రిమోటుని ఏలుతారు. నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటాను. పొద్దున్నే చదివేసిన పేపరే.

టీవీ సంగతి నీకేం తెలుసని ఎవరైనా అడగొచ్చు. హైదరాబాదులో పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని ఉద్యోగం చేసినవాణ్ణి నేను. 1977లో ఇక్కడ దూరదర్శన్ కేంద్రం వచ్చాక రేడియోకి ఉన్నట్టే టీవీకీ లైసెన్సు ఉండేది. ఏటా మా దగ్గరికొచ్చి రుసుము కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకుపోవాలి. పేటలో ఎవరింట్లో టీవీ ఉందో ఇరుగుపొరుగు కంటే ముందు మాకు తెలిసేది. ఆ పుస్తకం పట్టుకొచ్చే మనిషి నడకే వేరుగా ఉండేది లెండి. మన ఊళ్లోనే ఈసీఐఎల్ వాళ్లు చేసిన ఈసీ టీవీ కొన్నానని అడగకపోయినా చెప్పేవాళ్లు. ఎనభైల మధ్యలో ఆ లైసెన్సు ఎత్తేశారు. ఇప్పుడు లైసెన్సూ లేదు, పుస్తకమూ లేదు గానీ, కేబులు వాడికి కట్టేది మాత్రం ఉంది. 2019లో టీవీ ధరల్ని నియంత్రించే ట్రాయ్ వాళ్లు నూరు చానెళ్లకి నూట ముప్ఫై రూపాయలు, పైన పన్ను, డబ్బు కట్టాల్సిన చానెళ్లకి మళ్లీ విడిగా అని లెక్క తేల్చారు. ఆ నూరింటిలో మా ఇంట్లో చూసేవి నాలుగు. ఆ నాలుగింటిలోనూ ఒకేసారి ప్రకటనలే వస్తాయి.

ఆ రోజుల్లో అంతా అమృతమేనా అంటే, కాదు. మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తే వార్త, కత్తెర అందించినాయన కనబడితే అదీ వార్తే. రాత్రి ఎనిమిదీ నలభై కొట్టిందంటే ఢిల్లీ నుంచి హిందీ మొదలయ్యేది, తెలుగువాడు ముసుగు తన్నాల్సిందే. గాలి వీస్తే డాబా మీద యాంటెన్నా తిరిగేది. మా తమ్ముడు పైకెక్కి "వచ్చిందా?" అని అరవడం, మేం కిందనుంచి "వచ్చింది, పోయింది, వదిలెయ్" అని అరవడం. మధ్యలో 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని బోర్డు పెట్టేవాళ్లు. కనీసం చింతించేవాళ్లండీ! ఇప్పుడు అరగంట సీరియల్లో కథ కంటే అంతరాయమే ఎక్కువ, చింతించే నాథుడు లేడు. గంటకి పన్నెండు నిమిషాలు మించి ప్రకటనలు వేయకూడదని 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది. మా హాల్లో గోడ గడియారం కూడా ఉంది. రెంటికీ పొత్తు కుదరదు.

నా గొడవ నాణ్యత గురించి కాదు. బాగా తీసినవి ఇప్పుడూ ఉంటాయి, చెత్త అప్పుడూ ఉండేది. నా గొడవల్లా ఏదీ అయిపోదేమని. దూరదర్శన్‌లో ఎవరైనా సీరియల్ తీస్తామని వెళితే పదమూడు భాగాలకి అనుమతి ఇచ్చేవాళ్లు. మామూలుగా మహా అయితే ఇరవయ్యారు. ఆ పదమూడులోనే పెళ్లి చూపులు, పెళ్లి, కష్టాలు, కన్నీళ్లు, మళ్లీ కలుసుకోవడం అన్నీ సర్దుకోవాలి. సర్దుకునేవాళ్లు. 'రామాయణ్' అంతటిది 1987 జనవరిలో మొదలై 1988 జులైలో అయిపోయింది. మొదట యాభై రెండు భాగాలనుకున్నది డెబ్బై ఎనిమిదికి పెరిగింది. అప్పట్లో దానికే, తీసినాయన్ని "రామానంద్ సాగర్ కాదు, రామానంద్ సాగదీత" అని సణిగినవాళ్లలో నేనొకణ్ణి. ఆ బాణాలు గుర్తున్నాయా? ఇటునుంచొకటి, అటునుంచొకటి బయల్దేరి, ఆకాశంలో ఎదురుపడి, ఒకదాన్నొకటి తేరిపార చూసుకుని, అప్పుడు తలపడేవి. ఈలోగా మా ఆవిడ వంటింట్లోకెళ్లి పప్పు దించి వచ్చేది. అయినా ఒక ఆదివారం పొద్దున రావణుడు పడ్డాడు. పడినవాడు మళ్లీ లేవలేదు.

ఇప్పుడు చావుకి కూడా ఆ గ్యారంటీ లేదు. 'కార్తీక దీపం' సంగతే తీసుకోండి. మలయాళం నుంచి తెచ్చుకున్న కథ. 2017లో మొదలుపెట్టి 2023 జనవరి దాకా తిప్పారు, పదిహేను వందల భాగాలు దాటింది. భార్య మీద అనుమానపడ్డ డాక్టరుకి, పిల్లలు తన పిల్లలేనని తెలియడానికి ఏళ్లు పట్టింది. డాక్టరండీ ఆయన! పరీక్ష ఒకటుందని ఊళ్లో కాంపౌండరుకీ తెలుసు. 2022లో ఆ మొగుణ్ణీ పెళ్లాన్నీ ప్రమాదంలో చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్లని చేసి కథ నడిపారు. జనానికి నచ్చలేదట. కొన్ని నెలలు తిరక్కుండా చచ్చిపోయిన ఆ పెళ్లాం, అదే అందరూ వంటలక్క అనే ఆవిడ, తిరిగొచ్చింది, డాక్టరు బాబూ వచ్చాడు. సావిత్రి యముడి వెంట నడిచి నడిచి సాధించుకున్న పనిని టీఆర్పీ కూర్చున్నచోటే సాధించేసింది.

ఆ టీఆర్పీ ఎక్కడ పుడుతుందో తెలుసా? బార్క్ అనే సంస్థ దేశం మొత్తం మీద కొన్ని వేల ఇళ్లలో మీటర్లు పెట్టి, ఎవరేం చూస్తున్నారో లెక్కగడుతుంది. ఏ ఇళ్లో రహస్యం. ఆ అంకెలు వారం వారం వస్తాయి. అంకె పడితే కథలో ఎవరో ఒకరు మెట్ల మీంచి పడతారు. అంకె పెరిగితే ఆ పాత్ర మరో ఏడాది బతుకుతుంది. కథ రాసేవాడు మాత్రం ఏం చేస్తాడు పాపం? వారానికో భాగమైతే కథకుడికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి వండి వార్చాలంటే నీళ్లు పోయక తప్పదు. ఆ నీళ్లే మనం తాగుతున్నాం.

ఎలా పోస్తారో ఒక్కటి చెబుతాను. మొన్నటి సీరియల్లో కోడలు నోరు తెరిచి, "ఆ ఉత్తరం రాసింది నేనే" అంది. అంతే. అత్తగారి చేతిలో కాఫీ కప్పు జారింది. జారింది గానీ కింద పడలేదు, ముందు ఆవిడ ముఖం మూడుసార్లు చూపించాలి కదా. ఎడమనుంచొకసారి, కుడినుంచొకసారి, రంగులన్నీ తీసేసి మరోసారి. మామగారి ముఖం, ఆడపడుచు ముఖం, మరిది ముఖం. సోఫా వెనక పనిమనిషి ముఖం కూడా, ఆవిడకీ ఏదో కుట్ర ఉందట. ప్రతి ముఖానికీ ఓ ఉరుము. ఇంటి లోపల ఉరుములేమిటని అడిగాను. "మీరు పేపరు చదువుకోండి" అంది మా ఆవిడ. అప్పుడు ప్రకటనలు వచ్చాయి. సబ్బు, బంగారం అప్పు, మోకాళ్ల నొప్పుల నూనె. తిరిగొచ్చాక మళ్లీ మొదట్నుంచి, కోడలు నోరు తెరవడం దగ్గర్నుంచి. కప్పు నేలని తాకేసరికి ఆ రోజు భాగం అయిపోయింది.

పోస్టాఫీసు మనిషిని గనక నా బాధ వేరే ఉంది. తెలుగు సీరియళ్లలో ఒక్క ఉత్తరమూ చేరాల్సిన చోటికి చేరదు. విలన్ ఆడపడుచు గుమ్మంలో కాచుకుని అందుకుంటుంది, గాలికి కొట్టుకుపోయి మంచం కిందికి చేరుతుంది, లేదా నిప్పులో పడుతుంది, అదీ చివర్నుంచి కాలుతూ సంతకం దగ్గర ఆగుతుంది. రిజిస్టరు పోస్టులో అక్నాలెడ్జిమెంటు పెట్టి పంపితే వెయ్యి భాగాలు మిగిలేవి. 2025లో ఆ రిజిస్టరు పోస్టునీ స్పీడు పోస్టులో కలిపేశారు, అది వేరే ఏడుపు.

వార్తల గురించి చెప్పకపోతే ఒంటిమీద కారం చల్లినట్టే ఉంటుంది నాకు. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ గారు దూరదర్శన్‌లో మొట్టమొదటి తెలుగు వార్తలు చదివారు. ఎదురుగా అక్షరాలు నడిచే తెర లేని కాలం. చేతిలో కాగితాలు, దించిన తల ఎత్తి మనవైపు ఒక చూపు, మళ్లీ కాగితం. ఒత్తు దగ్గర ఒత్తు, దీర్ఘం దగ్గర దీర్ఘం. ప్రధాని చనిపోయినా, పంట పండినా అదే గొంతు. ఏడవాలో నవ్వాలో చూసేవాళ్లకే వదిలేసేవారు. 2024 ఏప్రిల్లో ఆయన పోయినప్పుడు ఆ వార్తని కూడా వెనకాల విషాద సంగీతం పెట్టి చదివారు కొందరు. ఆయనకి నచ్చి ఉండదని నా అనుమానం.

ఇంకో సంగతి, ఆ వార్తలకి చివర ఉండేది. 'ఇంతటితో వార్తలు సమాప్తం' అనేవాళ్లు. లోకంలో ఇవాళ్టికి జరిగింది ఇంతేనన్న ధీమాతో అన్నం తినేవాళ్లం. ఇప్పుడు ఒకే వార్త పొద్దున బ్రేకింగు, మధ్యాహ్నం బ్రేకింగు, రాత్రి చర్చ. తెర మీద ఆరు గళ్లు, గడికో మనిషి, ఆరుగురూ ఒకేసారి. "చెప్పండి, చెప్పండి" అంటాడు చర్చ నడిపేవాడు, చెప్పనివ్వడు. 2018 ఫిబ్రవరిలో సినీనటి శ్రీదేవి దుబాయిలో స్నానాల తొట్టిలో మునిగి చనిపోతే, ఓ తెలుగు చానెల్ విలేఖరి తానే తొట్టిలో పడుకుని చూపించాడు. చనిపోయిన మనిషి గురించి తెలుసుకోవాల్సింది తెలిసిపోయాక ఆపడం చేతగాకపోతే చివరికి తొట్టిలోకే దిగుతారు మరి.

అందరినీ ఒకే గాటన కట్టను. ఈటీవీలో గాయకుడు బాలుగారి 'పాడుతా తీయగా' 1996లో మొదలైంది, అది వచ్చే వేళకి పేపరు మడిచి పక్కన పెట్టేవాణ్ణి. పిల్లవాడు 'శ'ని 'స' అంటే పట్టుకునేవారు, ఆ పాట రాసినవారి పేరు చెప్పేవారు, ఆ రోజు రికార్డింగులో ఏం జరిగిందో చెప్పేవారు. ఓడిపోయిన పిల్లని ఏడిపించి ఆ ఏడుపు అమ్ముకోలేదు. 2001 నుంచి ఆరేళ్లు జెమినీలో వచ్చిన 'అమృతం' కూడా అంతే. అమృతరావు, ఆంజనేయులు ఆదివారం రాత్రి ఏదో అఘాయిత్యం మొదలుపెట్టేవాళ్లు, అప్పాజీ అద్దె కోసం వచ్చేవాడు, అరగంటలో వాళ్ల తెలివితేటలు వాళ్లకే చుట్టుకునేవి, అయిపోయేది. వచ్చే వారం మళ్లీ సున్నా నుంచి. ఆ సోమవారం ఎవరూ దాన్ని తలుచుకుని బెంగపెట్టుకోలేదు.

ఏదైనా ఇలా అయిపోవాలన్న మాటే మా ఆవిడతో అన్నాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. "అయిపోతే రేపు సాయంత్రం నేనేం చూడాలి?" అంది. "సీరియల్లో ఆ కోడలు పదేళ్లనుంచి తెలుసు నాకు. మీ ఆఫీసువాళ్లలో పదేళ్లనుంచి మన ఇంటికి వచ్చేదెవరు?" నాకు చప్పున ఒక్క పేరూ తట్టలేదు. అయినా అది సీరియల్ గొప్పతనమని నేను ఒప్పుకోను. ఆ పిల్ల వాళ్ల ఇంటి కష్టాలు చెప్పుకోవడమే గానీ, మా ఆవిడ మోకాలు ఎలా ఉందని పదేళ్లలో ఒక్కసారైనా అడిగిందా?

అయిపోయిందనుకున్న 'కార్తీక దీపం' 2024 మార్చిలో 'ఇది నవవసంతం' అంటూ మళ్లీ వచ్చింది. అప్పుడు డాక్టరు బాబుగా, వంటలక్కగా వేసినవాళ్లే ఇందులోనూ. "ఇది వేరే కథ మావయ్యగారూ, పాతదానికీ దీనికీ సంబంధం లేదు" అని మా కోడలు ముందే హామీ ఇచ్చింది. సరే, వేరే కథే అయితే వాళ్లకి ఇంకా పరిచయం కాలేదు గనక ఇప్పుడే హెచ్చరించొచ్చు కదా అన్నాను. ఎవరినని అడిగింది. ఆ అమ్మాయినేనమ్మా, ఆ డాక్టరుకి వండిపెట్టొద్దని. మా ఆవిడ నావైపు తిరగకుండానే రిమోటు తీసుకుని శబ్దం రెండు గీతలు పెంచింది.